ఏరు దాటిన బస్సు

చంద్రపూర్ పక్కగా పారే ఇరాయి నది వర్ధా నదిలో కలుస్తుంది. వర్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలో చేరుతుంది. అంటే బాబుపేట్ వీధుల్లో కురిసిన వాన నీరు కూడా చివరకు గోదావరి వెంటే సముద్రానికి పోతుంది. సముద్రం చేరేముందు ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న పచ్చని నేలే కోనసీమ. చుట్టూ నీరే కనుక ఇదొక ద్వీపం. వసిష్ఠ నుండి విడివడిన వైనతేయ ఈ ద్వీపాన్ని మళ్లీ రెండుగా చీల్చింది.

నేడు కోనసీమ పేరు చెప్పగానే కొబ్బరి తోటలు, ఆత్రేయపురం పూతరేకులు, పడవ ఇళ్లు గుర్తుకు వస్తాయి. అయితే ఆ అందాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చిన దాన్ని మాత్రం చాలామంది మరచిపోతున్నారు. అది బస్సు.

ఒకప్పుడు కోనసీమలో ప్రయాణమంటే పడవ ప్రయాణమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత తవ్విన కాలువలు పొలాలకు నీటినీ, మనుషులకు దారినీ ఇచ్చాయి. కాని పెద్ద పాయలు దాటాలంటే రేవు దగ్గర పడిగాపులు తప్పేవి కావు. వరద వస్తే పడవ కదలదు. చీకటి పడితే ఎవరో ఒకరి ఇంట తలదాచుకోవాలి. అలా ఏరు దాటి అలసి వచ్చిన బాటసారులకు వేళకాని వేళలో కూడా అన్నం వండి పెట్టిన మహా ఇల్లాలు లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించే కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టడం ఎంతో సముచితం.

వంతెనలు వచ్చాక రోజులు మారాయి. జొన్నాడ దగ్గర గౌతమిని దాటిన రోడ్డు రావులపాలేన్ని కోనసీమకు ముఖద్వారం చేసింది. దిండి–చించినాడ వంతెన వసిష్ఠకు అవతల ఉన్న పశ్చిమ గోదావరితో కలిపింది. ఎదుర్లంక–యానాం మధ్య గౌతమిపై వంతెన 2002లో ప్రారంభమైంది. ఎదుర్లంకలోనే పుట్టి, లోక్‌సభ స్పీకరై, అదే ఏడాది మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరే దానికి పెట్టారు. అంతకుముందు అక్కడ పంటు మీద ఏరు దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి కాకినాడ చేరాలి.

వంతెన ఒక్కటే చాలదు. సొంత బండి లేనివానికి వంతెన ఉన్నా లేనట్టే. మహారాష్ట్రలో 1948 జూన్ 1న పుణే–అహ్మద్‌నగర్ మధ్య మొదటి ఎస్.టి. బస్సు నడిచినా, హైదరాబాదు రాజ్యంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైనా ఉద్దేశం ఒకటే: దారి కొందరిది కాక అందరిదీ కావాలి. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ క్రమంగా ఆ పనినే కోస్తా జిల్లాలకు విస్తరించింది. కోనసీమ రైతు కొబ్బరికాయల గోనెతో, విద్యార్థిని పుస్తకాల సంచితో, ముసలమ్మ మందుల చీటీతో ఒకే బస్సులో అమలాపురం చేరడం చిన్న మార్పు కాదు.

యాత్రికులకు కూడా ఆ బస్సే దారి చూపింది. అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికైనా, అయినవిల్లి వినాయకుని దర్శనానికైనా, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికైనా సామాన్యులు బస్సెక్కే వచ్చారు. దారిలో టీకొట్టు, పూలకొట్టు, అరటిపళ్ల బండి నాలుగు డబ్బులు చూశాయి.

ఇప్పుడు కార్లలో వచ్చేవారు పెరిగారు. రావడం తప్పు కాదు. వారివల్ల కొందరికి పనీ దొరుకుతుంది. కాని కారు అద్దంలోంచి కోనసీమను చూసి, నదీతీరాన ఒక రాత్రి గడిపి వెళ్లేవాని సొమ్ము పల్లె దాకా చేరడం అరుదు. పర్యాటకం పెరిగిందని సంతోషించి, జనం తక్కువని పల్లెవెలుగు బస్సును తగ్గిస్తే నష్టపోయేది ఎవరు? సాయంత్రపు చివరి బస్సు లేకపోతే కాలేజీ మానుకునేది లంక గ్రామపు ఆడపిల్లే.

“ఖాళీ బస్సును ఎన్నాళ్లు నడపాలి?” అని అడిగేవారున్నారు. ప్రశ్న సమంజసమే. డీజిలు ఊరికే రాదు. అయితే తీర్థం రోజున కిటకిటలాడే బస్సు రాబడి, మామూలు రోజున నలుగురే ఎక్కే బస్సుకు ఆసరా కావాలి. పర్యాటకుల నుండి వచ్చే ఆదాయంలో కొంత భాగం పల్లె బస్సుకు కేటాయించాలి. రేవులకూ గుళ్లకూ వేళకు అందే బస్సులుంటే పర్యాటకుడూ కారు దిగి ఎక్కుతాడు. అప్పుడు ఒకే బస్సు ఇద్దరికీ పనికి వస్తుంది.

ప్రభుత్వాలు ఈ విలువను కొంత గుర్తించాయి. మహారాష్ట్రలో 2023 మార్చి నుండి ఎస్.టి. బస్సుల్లో స్త్రీలకు సగం చార్జీయే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న పల్లెవెలుగు మొదలైన బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ప్రారంభమైంది. కాని చార్జీ తగ్గించడం సగం పని మాత్రమే. ఊరికి బస్సే రాకపోతే ఉచిత టికెట్టు ఎవరికి?

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్నారు పెద్దలు. కోనసీమను ఏరు దాటించిన బస్సును బోడి మల్లయ్యను చేయరాదు. ఈ మాట కోనసీమకే కాదు, పులులను చూడడానికి దూరదేశాల వారు వచ్చే తాడోబా చుట్టుపక్కల పల్లెలకూ వర్తిస్తుంది. చూడవచ్చినవారికి దారి వేయడం మర్యాద. అక్కడే పుట్టి పెరిగినవారికి ఆ దారిలో చోటివ్వడం న్యాయం.