పాత కారు నేర్పు పాఠము

మానవుడు తాను శ్రమించి సంపాదించిన వస్తువును ప్రాణప్రదముగ చూచుకొనును. అయాచితముగ లభించినదానియెడ అంతటి మక్కువ యుండదు. అమెరికా దేశమున పాత కార్లను కొని బాగుచేయు బాలబాలికల విషయమున ఈ సత్యము చక్కగా గోచరించును.

ఆ దేశమున పెక్కు రాష్ట్రములలో పదునారేండ్లు నిండినవారికి కారు నడపుటకు అనుమతి లభించును. ఆ వయస్సు సమీపించునప్పటికే కొందరు, ఏ కొట్టములోనో ఏండ్ల తరబడి దుమ్ము పట్టి పడియున్న కారును కొని, దానికి మరల ప్రాణము పోయుటకు పూనుకొందురు. 1964లో వెలువడిన ఫోర్డు మస్టాంగు, జర్మనీలో పుట్టి 2003 వరకు మెక్సికోలో తయారైన ఫోక్స్‌వాగన్ బీటిలు మొదలగునవి వీరికి ప్రీతిపాత్రములు. బీటిలు కార్లు మొత్తము రెండుకోట్ల పదిలక్షలకు పైగా తయారైనవి. ఇట్లు విరివిగా తయారైనవగుటచే వాని విడిభాగములు నేటికిని దొరకుచున్నవి.

నేటి కార్లలో యంత్రమును కంప్యూటరు నడిపించును. దాని లోపమును కనిపెట్టుటకు మరియొక కంప్యూటరు కావలెను. 1960 ప్రాంతపు కారు అట్టిది కాదు. కార్బురేటరులో పెట్రోలు గాలితో కలియును. ప్లగ్గున నిప్పురవ్వ పుట్టును. ఆ మంట పిస్టనును త్రోయును. ఆ త్రోపుడే చక్రములను త్రిప్పును. స్పానరు పట్టినవానికి ఈ భాగములన్నియు కంటికి కనబడును, చేతికి అందును. పుస్తకమున చదివిన భౌతికశాస్త్రము అచట ప్రత్యక్షమగును.

ఈ విషయమున తల్లిదండ్రులలో రెండు తెగలవారు కలరు. కొందరు తళతళలాడు కారును కొని పుట్టినరోజు బహుమానముగ నిత్తురు. మరికొందరు, చదువు చెడును, ధనము వ్యర్థమగును, చేతులు మలినమగునని ఆ మాటయే ఎత్తనీయరు. మొదటివారు బిడ్డకు కారు నిచ్చి పాఠమును హరించుచున్నారు. రెండవవారు అపాయమునకు వెరచి పాఠమునే నిషేధించుచున్నారు. ఇరువురి ప్రేమయు నిజమైనదే. ఇరువురి మార్గమును సరియైనది కాదు.

కారు వెలను బిడ్డయే చెల్లింపవలెను. సెలవులలో ఇరుగుపొరుగు వారి పెరళ్లలో పచ్చిక కోసియో, దుకాణమున పనిచేసియో కూడబెట్టిన సొమ్ముతో కొనువాడు తొందరపడడు. రంగు క్రింద చిన్న పొక్కు కనబడినచో, దాని లోపల రేకు తుప్పుతో చిల్లులు పడియుండవచ్చునని తెలిసికొనును. కాళ్ల క్రింది పరుపును ఎత్తి అడుగురేకును పరీక్షించును. ఒకవేళ మోసపోయినను, పోయినది తన కష్టార్జితము గనుక ఆ పాఠమును జీవితాంతము మరువడు. తండ్రి సొమ్ముతో కొన్నవానికి ఈ జాగరూకత అలవడుట అరుదు. బిడ్డ సంపాదన చాలనిచో, తండ్రి కొంత అప్పుగా నిచ్చి లెక్క వ్రాయించుట మంచిది. ఊరక యిచ్చుట మంచిది కాదు.

అయినను, ధనమున చేయి ముడుచుకొనిన తండ్రి రక్షణ విషయమున ముడుచుకొనరాదు. 1967కు పూర్వము తయారైన పెక్కు అమెరికా కార్లలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే నూనెమార్గ ముండెడిది. ఒక గొట్టమునకు చిల్లుపడిన చాలును. నాలుగు బ్రేకులును ఒక్కసారిగ విఫలమగును. కార్లలో సీటు బెల్టు లుండితీరవలెనను అమెరికా కేంద్రప్రభుత్వ నిబంధన 1968లో గాని అమలునకు రాలేదు. ఆనాటి బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు వాడెడివారు. ఆ ధూళిని ఊదినచో అది ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతకమగు వ్యాధులను కలిగింపవచ్చును. కేవలము జాకీపై నిలిపిన కారు క్రింద దూరుట మృత్యువును పిలుచుటయే. క్రింద దృఢమైన ఆధారములు నిలుపక ఎవ్వరును దూరరాదు.

ఈ సంగతులు పదునైదేండ్ల బాలునికి తోచకపోవుట సహజము. అతని దృష్టి రంగుపైనను, వేగముపైనను ఉండును. కావున తండ్రి, రంగుకంటె ముందు బ్రేకులు బాగుపడవలెననియు, అనుభవశాలి యగు మెకానిక్కు పరీక్షించినగాని కారు వీధిలోనికి రాకూడదనియు నియమింపవలెను. ఈ నియమమును సడలింపరాదు. సందేహము కలిగినచోట తండ్రి తానును నేలపై కూర్చుండి బిడ్డతోపాటు నేర్చుకొనుట మరింత శ్రేష్ఠము. తనకు తెలియదని ఒప్పుకొను తండ్రిని బిడ్డ తక్కువగా చూడడు.

మన దేశమున కారు నడపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మైనరు వాహనము నడపి నేరము చేసినచో సంరక్షకుడును శిక్షార్హుడు. అయినను ఇచటి బాలబాలికలకు ఈ పాఠము దూరమైనది కాదు. తాతగారి సైకిలు, మూలబడిన కుట్టుయంత్రము, ఆగిపోయిన గడియారము ఇంటింట ఉండును. వానిని విప్పి, తుడిచి, మరల కూర్చుటకు ఏ అనుమతిపత్రమును అక్కరలేదు.

పెద్దలు బిడ్డలకు ఈయవలసినది సిద్ధమైన వస్తువు కాదు; దానిని సిద్ధపరచు అవకాశము. వారినుండి తొలగింపవలసినది శ్రమ కాదు, ప్రాణాపాయము. ఈ రెంటి భేదమును ఎరిగిన యింట పాత కారు బాగుపడకపోయినను, బిడ్డ బాగుపడును.