ధర కాదు, ముద్ర చూడాలి

కొత్త కాపురాలకు సామాను గురించి మీరు వేసిన వ్యాసంలో ‘చవకది నాసిరకమే, వాయిదాల మీదైనా పెద్ద బ్రాండే కొనండి’ అని రాశారు. చిన్న జీతగాళ్లను అప్పుల్లోకి నెట్టే సలహా ఇది.

ప్రెషర్ కుక్కర్ సంగతే చూడండి. ఇళ్లలో వాడే కుక్కర్లకు ఐఎస్‌ఐ ముద్ర 2021 నుంచి తప్పనిసరి. ఖరీదైనదైనా, చవకదైనా పాటించాల్సిన ప్రమాణం ఒక్కటే: ఐఎస్ 2347. ముద్ర పైన ఆ నంబరు, కింద ‘సీఎం/ఎల్’తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో, లైసెన్సు చెల్లుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. గాస్కెట్, సేఫ్టీ వాల్వు మన ఊళ్లో దొరుకుతాయా అన్నది కూడా అడగాలి. అవి దొరకకపోతే ఎంత పేరున్న కుక్కరైనా అటకెక్కాల్సిందే.

నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టాల్సిన చోటు వేరే ఉంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది. రోజుకు 12 గంటలు తిరిగినా నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. అక్కడ చూడాల్సింది స్టార్ లేబుల్.

గిన్నెలు, డబ్బాల్లాంటి వాటికి బ్రాండుతో పనే లేదు. మందం, అంచులు, పిడి బిగింపు చేత్తో పట్టి చూసుకుంటే చాలు.

కొనేవారికి నా మనవి ఒక్కటే: బిల్లు లేకుండా ఏదీ కొనకండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

– ఒక గృహిణి, తెనాలి