పటములు మిగిలెను, పేర్లు పోయెను

నిరుడు మన పాఠశాల కంప్యూటరు మార్పబడినది. పదునైదేండ్ల ఛాయాపటములన్నియు క్రొత్తదానిలోనికి భద్రముగనే చేరెను. మొన్న నొక తల్లి వచ్చి, గతించిన తన కుమారుని పటమేదైన గలదా యని యడిగెను. వేలకొలది ముఖములలో నాతనిని మేమెవ్వరమును పోల్చలేకపోతిమి. ఆమెయే తెరయెదుట గూర్చుండి వెదకికొనవలసి వచ్చెను.

పూర్వము మేము పికాసా యను సాఫ్టువేరుతో ముఖముముఖమునకును పేరు వ్రాసియుంటిమి. గూగులువారు 2004లో కొనిన యా సాధనమునకు 2016 మార్చి 15తో పోషణ నిలిచినది. మన ఆసిఫాబాదు జిల్లాకేంద్రమైనదియు ఆ యేటనే. అయినను పాతయంత్రమున నది పనిచేయుచునే యుండుటచే మేము నిశ్చింతగ నుంటిమి. మేము వ్రాసిన పేర్లు పటములలో గాక వేఱు ఫైళ్లలో నుండెను. పటములను మాత్రము నకలుచేసి వానిని విడిచితిమి. దోషము సాధనమునది కాదు, మాది.

నేటి సాఫ్టువేరులు ముఖములను తామే గుర్తించునుగదా యని కొందఱందురు. అవి పోలికగల ముఖములను ఒకచోట జేర్చగలవు; పేరుమాత్రము ఎఱిగినవారే చెప్పవలెను.

కావున విద్యార్థులారా, ఫైలుపేరులోనే సంవత్సరమును, సందర్భమును, మనుష్యుల పేర్లను వ్రాయుడు. రెండు నకళ్లు రెండుచోట్ల నుంచుడు. తలిదండ్రులారా, యింటనున్న పాతపటముల వెనుక పెన్సిలుతో పేర్లు వ్రాయుడు. ఎఱిగినవారు బ్రదికియుండగనే యీ పని జరుగవలెను.