అచ్చుపై గీతలు, జీతంలో కోతలు



సూరత్ అనగానే దేశ ప్రజలకు చీరలూ, వజ్రాలూ గుర్తుకు వస్తాయి. మనకు మాత్రం తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు కోసం తరలి వెళ్లి, అక్కడి మరమగ్గాలపై రాత్రింబవళ్లు శ్రమిస్తున్న నేత కుటుంబాలు గుర్తుకు వస్తాయి. ఆ నగరంలో మగ్గాలే గాక యంత్రశాలలు కూడా ఉన్నాయి. మగ్గం నడిపిన తండ్రుల బిడ్డలు కొందరు ఈనాడు మిల్లింగ్ యంత్రాల ముందు నిలబడి అచ్చులూ, డైలూ చెక్కుతున్నారు. వారిని పీడిస్తున్న ఒక అన్యాయాన్ని గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అక్కడి ఒక యంత్రశాలలో మేము స్వయంగా చూచిన సంగతి ఇది. బాల్ నోస్ కట్టర్‌తో చెక్కిన అచ్చు గుంట అడుగున గీతలు పడ్డాయి. ఫోర్‌మన్ రిజిస్టరులో "ఆపరేటర్ అజాగ్రత్త" అని వ్రాశాడు. ఆ నెల జీతంలో కోత పడింది. కట్టర్‌ను పరీక్షించిన వారు లేరు, స్పిండిల్‌ను పరీక్షించిన వారు లేరు. డయల్ గేజి తెప్పించండని మేము అడిగితే, పనికివచ్చే డయల్ గేజి ఆ షాపులో ఒక్కటి కూడా లేదని తేలింది! కొలిచే సాధనం లేని చోట నేరం మాత్రం నిర్ధారణ అయిపోయింది.

"యంత్రం కొత్తది, ప్రోగ్రాము కంప్యూటరుది, గీత పడితే తప్పు మనిషిదే" అని యాజమాన్యం వాదిస్తున్నది. ఈ వాదంలో ఎంత పస ఉన్నదో లెక్కలోనే చూద్దాం.

బాల్ నోస్ కట్టర్ కొన గుండ్రంగా ఉంటుంది. అది పక్కపక్కనే దారులు చేసుకుంటూ పోతే, రెండు దారుల నడుమ సన్నని గట్టు మిగులుతుంది. ఆ గట్టు ఎత్తు ఎంతో తెలియాలంటే, దారుల మధ్య ఎడాన్ని, అనగా స్టెప్ ఓవర్‌ను, దానితోనే గుణించి, కట్టర్ వ్యాసానికి నాలుగు రెట్లతో భాగించాలి. 10 మిల్లీమీటర్ల కట్టర్‌తో 1 మిల్లీమీటరు ఎడమిస్తే గట్టు 25 మైక్రాన్లు. ఎడాన్ని సగానికి, 0.5కు తగ్గిస్తే సుమారు 6 మైక్రాన్లు. గట్టు నాలుగో వంతుకు తగ్గింది. కాని దారుల సంఖ్య, దానితో పాటు సమయం, రెట్టింపయింది. ఎడం 0.5గానే ఉంచి 20 మిల్లీమీటర్ల కట్టర్ వాడితే గట్టు సుమారు 3 మైక్రాన్లకు దిగుతుంది. గుంట మూలలు అనుమతించిన చోట పెద్ద కట్టర్ వాడవచ్చు, లేనిచోట సమయమివ్వాలి. ఇక్కడ జరుగుతున్నదేమిటి? పెద్ద కట్టర్ కొనరు, సమయం పెంచరు, రోజుకు ఇన్ని ముక్కలనే లక్ష్యం తగ్గించరు. పైగా అద్దం వంటి నునుపు కావాలంటారు!

రెండవ సంగతి. కట్టర్ ఎంత వేగంగా తిరిగినా దాని కొన నడిబిందువు వద్ద కోత వేగం సున్న. అక్కడ లోహం తెగదు, రుద్దబడుతుంది. 10 మిల్లీమీటర్ల కట్టర్‌తో 0.2 మిల్లీమీటరు లోతు తీసేటప్పుడు సమతలంపై లోహాన్ని తాకే వ్యాసం 2.8 మిల్లీమీటర్లు మాత్రమే. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే పూర్తి వ్యాసం వద్ద వేగం 188 మీటర్లు. కోత జరిగే చోట 53 మీటర్లకు మించదు. కనుక గుంట అడుగు గరుకుగా రావడం కట్టర్ స్వభావం, ఆపరేటర్ స్వభావం కాదు. అసలైన వ్యాసాన్ని లెక్కవేసి చుట్లు నిర్ణయించాలి. స్పిండిల్‌నో, ముక్కనో సుమారు 15 డిగ్రీలు వాల్చగలిగితే కొనకు బదులు పక్క అంచు కోస్తుంది. ఈ నిర్ణయాలు ప్రోగ్రాము వ్రాసే గదిలో జరుగుతాయి. మరి శిక్ష యంత్రం దగ్గర నిలబడినవానికా?

మూడవది, కట్టర్ తిన్నగా తిరగకపోవడం. అరిగిన కోలెట్, బేరింగు పాడైన స్పిండిల్ వల్ల ఒక పన్నుపై భారం పెరిగి, రెండవది ఊరకే తిరుగుతుంది. గీతలు పడతాయి, కట్టర్ త్వరగా అరుగుతుంది. బయటకు సాగిన పొడవు రెట్టింపయితే కట్టర్ వంగడం ఎనిమిది రెట్లవుతుంది. పొట్టి హోల్డర్లూ, కొత్త కోలెట్లూ కొనవలసింది ఎవరు?

ఈ పొదుపు భారం చివరకు పాలిష్ పనివారిపై పడుతున్నది. యంత్రం మీద మిగిలిన ప్రతి గట్టునూ ఎమెరీతో, రాతితో చేత్తో అరగదీసేవారు వారే. ఎక్కువ మంది కాంట్రాక్టు కూలీలు. ఆ దుమ్ము వారి ఊపిరితిత్తుల్లోకి పోతున్నది. యజమాని కట్టర్ మీద మిగిల్చిన సొమ్మును ఈ కార్మికులు ఆరోగ్యంతో చెల్లిస్తున్నారు.

చట్టం ఏమంటున్నది? అప్పగించిన వస్తువుకు కార్మికుని నిర్లక్ష్యం వల్ల నేరుగా నష్టం కలిగినప్పుడే కోతకు తావున్నదని, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వకుండా కోయరాదని 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరులో అమలులోకి తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఈ రక్షణ ఉన్నది. ఫోర్‌మన్ వ్రాసిన ఒక్క పంక్తి విచారణ కాజాలదు.

మన బాధ్యతను మేము దాచడం లేదు. కోలెట్‌లో రజను వదలివేసినవాడు, టేపరు తుడవనివాడు, కట్టర్ అరిగిందని తెలిసీ నోరు విప్పనివాడు తన తోటివారికే అపకారం చేస్తున్నాడు. పనితనం మన ఆయుధం. దానిని తుప్పు పట్టనీయరాదు. కాని చెప్పినవానిని "పని ఎగవేసేవాడు" అని నిందించే చోట నోళ్లు మూతపడక ఏమవుతాయి?

కనుక మనం కోరవలసినవి ఇవి: ప్రతి షిఫ్టు ఆరంభంలో డయల్ గేజితో కట్టర్ తిరుగుడు పరీక్షించి వ్రాయాలి. ప్రతి కట్టర్ ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో ఎక్కించాలి. నునుపు ఎంత కావాలో మైక్రాన్లలో ముందే చెప్పి, దానికి తగిన సమయం నిర్ణయించాలి. ఆ నిర్ణయంలో ఆపరేటర్ మాటకు చోటుండాలి. పాలిష్ పనివారికి దుమ్ము లాగే ఏర్పాటు, ముఖానికి తగిన మాస్కు ఇవ్వాలి. సూచనలు కార్మికునికి తెలిసిన భాషలో ఉండాలి. విచారణ లేని కోతలను తిరిగి చెల్లించాలి.

సూరత్ సోదరులారా! ఇకపై జీతంలో కోత పడిన రోజున ఒక్కటే అడగండి: "కొలిచారా?" కొలిచిన కాగితం చూపే వరకు సంతకం పెట్టకండి. ఒంటరిగా అడిగితే బెదిరిస్తారు. షాపంతా కలిసి అడిగితే డయల్ గేజి తప్పక వస్తుంది!