ట్రాలీ చక్రానికి కందెన

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అని మన సామెత. యెడ్లబండి ఇరుసు కీచుమంటే వూరంతటికీ వినిపించేది. బండివాడు దిగి, మసి కలిపిన ఆముదం పూసేవాడు. ట్రాక్టరు ట్రాలీకి ఆ అదృష్టం లేదు. ఇంజను రొదలో వెనక చక్రం మూలుగు యెవరికీ వినపడదు.

రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వైపులనుంచి వంటపాత్రలు, గుడారపు గుడ్డలు, అమ్మవార్లకు మొక్కిన బెల్లం వేసుకుని ట్రాలీలు బయలుదేరతాయి. జాతర నాలుగు రోజులూ అదే ఇల్లు. నెలల తరబడి కొట్టం పక్కన కదలకుండా నిలిచిన ట్రాలీని వొక్కసారిగా బరువెత్తి తోలుతాము. జనగామనుంచి నూరు కిలోమీటర్లకు పైమాటే. అయితే చక్రాన్ని లోలోపల చెడగొట్టేది ఆ ప్రయాణం కాదు. అంతకు ముందటి నిలువే!

మొదట టైరు సంగతి. గాట్లు అరగలేదు కదా అని మురిసిపోకండి. వాడినా వాడకపోయినా యెండకు రబ్బరు పండిపోతుంది. పక్క గోడమీద సన్నని పగుళ్ళున్నాయేమో చూడండి. అక్కడే నాలుగు అంకెలు అచ్చొత్తి వుంటాయి. 2419 అని వుంటే 2019లో 24వ వారం తయారైందన్నమాట. అయిదారేళ్ళు దాటిన టైరును యేటేటా తెలిసినవారికి చూపించాలి. గాలి తెల్లవారుజామున, బండి కదలకముందే కొలవాలి. గాలి తక్కువైతే టైరు నలిగి, వేడెక్కి, చివరకు పగులుతుంది. దారిలో వేడిమీద గాలి యెక్కువ చూపిస్తుంది. అది చూసి తీసెయ్యకండి.

ఇక బేరింగులు. హబ్బులో లోపలొకటి, బయటొకటి వుంటాయి. మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతో వొక చక్రం లేపండి. చేత్తో తిప్పితే గరగరమనకూడదు. పైనా కిందా పట్టి వూపితే కటకటలాడకూడదు. ఆడితే మేస్త్రీ చేత విప్పించాలి. పాత గ్రీజు మీద కొత్తది పూస్తే లాభం లేదు. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, రోలర్ల సందుసందునా కొత్త గ్రీజు కూరాలి. ఆయిల్ సీలు కొత్తది వెయ్యాలి. నట్టు బిగించిన తరువాత కొద్దిగా వదులు చేసి, కొత్త పిన్ను దూర్చాలి. మరీ బిగిస్తే బేరింగు కాలిపోతుంది. మరీ వదిలితే చక్రం వూగుతుంది.

బయలుదేరిన పదిపదిహేను కిలోమీటర్లకు ఆగి హబ్బు దగ్గర చెయ్యి పెట్టండి. గోరువెచ్చన అయితే సరే. చెయ్యి ఆనలేకపోతే అక్కడే ఆపాలి.

మేడారం చేరగానే బండిని జంపన్న వాగులోకి దింపే సరదా కొందరికి వుంది. కాలిన హబ్బు చన్నీట మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. గ్రీజు తెల్లగా పాలలా మారుతుంది. తుప్పు మాత్రం ఇంటికి వచ్చాక పడుతుంది! నీట మునిగిన హబ్బును తిరిగి రాగానే విప్పి చూడవలసిందే.

చివరగా వొక్కమాట. ట్రాలీ సరకులకు, మనుషులను యెక్కించడానికి చట్టం వొప్పుకోదు. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. సామాను ట్రాలీలోనూ, పిల్లలూ పెద్దలూ బస్సులోనూ వెళ్ళడం మంచిది. చక్రం యెంత బాగున్నా సరే!