నాకేమెరుక అనకండమ్మా!

పావుకిలో కందిపప్పు ఎంతమందికి సరిపోతుందో మనకెరుక. జాకెట్టుకు 80 సెంటీమీటర్లు చాలునో, మీటరు పడుతుందో గుడ్డ పన్నా చూసి చెప్తాం. గ్యాసు బండను కాస్త లేపి చూసి ఇంకెన్ని రోజులొస్తుందో అంచనా వేస్తాం. ఇన్ని కొలతలు తెలిసిన ఆడమనిషి టీవీల షోరూములో అడుగు పెట్టగానే ఆయన వెనక నిలబడి, కొంగు సర్దుకుంటూ, "నాకేమెరుక, మీ ఇష్టం" అంటుంది. ఇరవై ఏండ్లు నేనూ ఆ మాటే అన్నాను. ఇవాళ నా కోపమంతా ఆ మాట మీదే.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. దసరా పది రోజుల్లో ఉంది. మా ఆయనకు ఇంకో కారణం అక్కర్లేకపోయింది. ఒకరోజు అన్నం తింటూ, "వెనక గదిని హోం థియేటర్ చేద్దాం. 85 ఇంచులది పెడదాం. గోడలకు నల్ల రంగు, కిటికీకి మందం పరదా, రెండు రిక్లైనర్లు. టాకీసుకు పోయే పనే ఉండదు" అన్నారు.

వెనక గదంటే ఖాళీ గది కాదు. మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం అందులోనే చదువుతుంది. రాత్రి మా అత్తమ్మ మంచం అక్కడే. ఇంట్లో మనుషులం ఐదుగురం, రాబోయే కుర్చీలు రెండు. లెక్క అక్కడే తప్పింది.

నోటిదాకా వచ్చింది, "మీ ఇష్టం" అని. బిడ్డ నా మొహం దిక్కు చూసింది. ఏమీ అనలేదు, చూసిందంతే. లేచి కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసిన.

ముందు ఇంచుల సంగతి చెప్తాను. టీవీకి చెప్పే ఇంచులు అడ్డం కొలత కాదు, తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు. 55 ఇంచుల టీవీ అడ్డంగా దాదాపు 4 అడుగులు. 65 అయితే 4 అడుగుల 9 ఇంచులు. 75 అయితే ఐదున్నర అడుగులు. 85 అయితే 6 అడుగుల 2 ఇంచులు, అంటే మా ఆయనను అడ్డంగా పడుకోబెట్టినా ఇంకా అరడుగు మిగులుతుంది.

కూర్చునే దూరానికీ ఒక లెక్కుంది. టీవీ ఇంచులను 1.2తో గుణిస్తే అంతకంటే దగ్గర కూర్చోకూడని హద్దు, 1.6తో గుణిస్తే హాయిగా చూసే దూరం. వచ్చిన ఇంచులను 12తో భాగిస్తే అడుగులు. 65 ఇంచులకు ఆరున్నర నుంచి ఎనిమిది ముప్పావు అడుగులు. 85కైతే ఎనిమిదిన్నర నుంచి పదకొండు అడుగుల పైచిలుకు. మా వెనక గది మొత్తం పొడవు 10 అడుగులు. రిక్లైనరు వెనక్కి వాలాలంటే గోడకు ఎడం కావాలి. అదంతా పోను మనిషి కన్నుకూ తెరకూ మధ్య 7 అడుగులు మిగిలింది. సినిమా చూడడం కాదది, కొత్త సినిమాకు ఆలస్యంగా పోయి ముందు వరస టికెటు కొనుక్కోవడం.

మేము కింది భాగం కిరాయికిచ్చి పైన ఉంటాం. మెట్లు మూడడుగుల వెడల్పు, మధ్యలో ఒక మలుపు. అంత పెద్ద టీవీ పెట్టెను నిలబెట్టే మోయాలి, పడుకోబెడితే తెర పగిలే ప్రమాదముంది. ఆ మలుపులో ఆరున్నర అడుగుల పెట్టె తిరగదని టేపు పట్టి చూపిస్తే మా ఆయన మొదటిసారి ఆలోచనలో పడ్డారు. బిడ్డ చదువు, అమ్మ మంచం ఆపలేని మనిషిని మెట్ల మలుపు ఆపింది. నా కోపం ఇక్కడే ఇంకా పెరిగింది.

రెండో రోజు గడియారం సెంటర్ దగ్గర దిగి నాలుగు దుకాణాలు తిరిగినం. ఎక్కడికి పోయినా ఒకటే తంతు. పిల్లవాడు మా ఆయనతో మాట్లాడతాడు, నాకు కుర్చీ వేస్తాడు. గోడ నిండా నెమళ్లు, నారింజ పండ్లు, మంచు కొండలు మెరుస్తుంటాయి. ఆ బొమ్మలు 4కే టీవీ కోసమే తీసినవి, రంగులు కూడా గట్టిగా పెంచి పెడతారు. మన ఇంట్లో నడిచేది నెమళ్లు కాదు, కేబులు.

"బాబూ, మామూలు కేబులు ఛానలు పెట్టు" అన్న. పిల్లవాడు మా ఆయన వైపు చూసిండు. "ఇటు చూడు, అడిగింది నేను" అన్న.

పెట్టిండు. నెమలి పోయి, మసక మొహాలొచ్చినయి. కారణం చెప్తాను. మామూలు ఎస్‌డీ ఛానల్లో చుక్కలు అడ్డం 720, నిలువు 576. 4కే తెరలో అడ్డం 3840, నిలువు 2160. లెక్క వేస్తే ఛానలు పంపే ఒక్కో చుక్కను టీవీ 20 చుక్కలుగా సాగదీయాలి. గిద్దెడు పాలతో ఇరవై మందికి చాయ పెట్టినట్టు. తెర పెరిగినకొద్దీ ఆ పలచన బయటపడుతుంది. మీ ఇంట్లో ఎక్కువగా చూసేది సీరియళ్లూ వార్తలూ అయితే షోరూములో వాటినే పెట్టించి, మీ సోఫా ఎంత దూరముందో అంత దూరం నిలబడి చూడండి.

ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ పేర్లకు బెదరకండి. మొదటి రెండింటిలోనూ తెర వెనక దీపాలుంటాయి. క్యూఎల్‌ఈడీలో రంగులు బాగా రావడానికి అదనంగా ఒక పొర ఉంటుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనకు తానే వెలుగుతుంది, ఆరుతుంది. అందుకే చీకటి గదిలో నలుపు నిజమైన నలుపుగా కనబడుతుంది, ధర కూడా అట్లనే ఉంటుంది. మన ఇండ్లల్లో పగలు కిటికీ తెరిచి ఉంటుంది, తలుపు తెరిచి ఉంటుంది, పాలపిల్లవాడూ పక్కింటామె వస్తూ పోతుంటారు. అటువంటి హాలుకు వెలుగు గట్టిగా ఉండే టీవీ మేలు. నల్లదనం కోసం డబ్బు పోసి ఇల్లంతా చీకటి చేసుకోవడం ఎందుకు?

ఇంకో మాట. టీవీలు పలచనైనకొద్దీ లోపలి స్పీకర్లు చిన్నవైపోయినయి. మా అత్తమ్మకు చెవి కొంచెం మందం. "ఏమన్నడు? ఏమన్నడు?" అని అడిగి అడిగి, మనం విసుక్కుంటే చెప్పులేసుకుని బయటికి పోతుంది. పది ఇంచులు తగ్గించి ఆ డబ్బుతో మాట స్పష్టంగా వినిపించే సౌండుబారు కొంటే ఆమె మళ్లీ మనతో కూర్చుంటుంది. కొనేముందు పాట పెట్టించకండి, ఇద్దరు మాట్లాడుకునే సీను పెట్టించండి. దడదడలాడే డబ్బా మాకొద్దన్నాను. కింద కిరాయికున్న వాళ్ల పిల్లలకూ పరీక్షలుంటాయి.

డబ్బు సంగతి కూడా మనమే అడగాలి. "వడ్డీ లేదు మేడం, నెలనెలా కట్టుకోండి" అన్నప్పుడు ముందు నగదు ధర అడగండి. తరువాత కిస్తీలన్నీ కూడి, ఫీజు కలిపి చూడండి. ఎక్కువొచ్చిందంతా వడ్డీయే, పేరు ఏదైనా కానీ. టీవీ వెనక వాట్లు రాసి ఉంటాయి. 150 వాట్లదైతే రోజుకు 4 గంటల చొప్పున నెలకు 18 యూనిట్లు. చిట్టీల లెక్కలు నోటితో చెప్పేవాళ్లం, ఇదొక లెక్కా?

అసలు విషయానికొస్తాను.

మా అమ్మది పాలమూరు జిల్లా. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఇస్రో వాళ్లు అమెరికా నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు టీవీ చూపించారు. సైట్ అని దాని పేరు. మన పాలమూరు పల్లెలు కూడా అందులో ఉన్నాయి. సెట్లు తయారుచేసింది హైదరాబాదు ఈసీఐఎల్. కోళ్లకు కట్టే జాలీ లాంటి తీగతో పది అడుగుల గొడుగు, ఊరందరికీ కలిపి ఒక టీవీ. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల పెంపకం చెప్పేవాళ్లు. అమ్మ అప్పుడు చిన్న పిల్ల. పక్క ఊరికి పోయి చూసిన ముచ్చట ఇప్పటికీ చెప్తుంది. ముందు పిల్లలు, బెంచీల మీద మగవాళ్లు, గోడకానుకుని ఆడవాళ్లు. కాన్పు గురించీ, పసిపిల్లల తిండి గురించీ చెప్తుంటే ఆ మాట అక్కరున్న వాళ్లు అందరికన్నా వెనక నిలబడి ఉన్నారు. పొయ్యి మీద ఎసరు యాదికొచ్చి సగంలో లేచిపోయేవాళ్లట.

యాభై ఏండ్లయింది. ఊరికొకటి పోయి గదికొకటి వచ్చింది. మన చోటు మారిందా?

నా పెండ్లి సామానులో 21 ఇంచుల కలర్ టీవీ ఉంది. దానికోసం మా నాయన ఆ ఏడు పత్తి డబ్బులు పెట్టిండు. టీవీ నాతో వచ్చింది, రిమోటు మాత్రం నాది కాలేదు. క్రికెటు అయిపోయినాక వార్తలు, వార్తలయినాక సినిమా. నేను చూసిన సినిమాలన్నీ వంటింటి గుమ్మంలోంచి, చేతిలో గరిటెతోనే. సగం సినిమాలకు మొదలు తెలియదు, సగం సినిమాలకు చివర తెలియదు.

అందుకే తలుపు మూసిన చీకటి గదంటే నాకు భయం. హాల్లో ఉన్న టీవీని పప్పు తాలింపేస్తూనైనా ఒక కన్ను వేసి చూడొచ్చు. వెనక గదిలో పెట్టి తలుపేస్తే ఇక మనం చాయలందించే మనుషులం. తలుపు తీస్తే "వెలుగొస్తుంది, తలుపెయ్యి" అంటారు. మన ఇంట్లో మనమే ఇంటర్వెల్‌లో సమోసాలమ్మే పిల్లలమవుతాం.

"ఆయన సంపాదన, ఆయన సరదా, అడ్డుపడితే బాగుంటుందా" అని మొన్న ఒక చెల్లె అన్నది. సరదాకు నేను అడ్డం కాదమ్మా. పొద్దంతా కష్టపడి వచ్చిన మనిషి పెద్ద తెర మీద సినిమా చూడాలనుకోవడం తప్పు కాదు. నాకూ చూడాలనే ఉంది. కానీ గది అందరిదీ. ఒకరి సరదా కోసం ఇంకొకరి చదువు, ఇంకొకరి మంచం జరుగుతున్నప్పుడు అడగడం అడ్డుపడటం కాదు. "పెద్ద టీవీ ఉంటే అందరం ఒకచోట కూర్చుంటాం" అనేవాళ్లూ ఉన్నారు. మంచిదే. అయితే అందరికీ చోటుండాలె, వంట ఎనిమిదింటికల్లా అయిపోవాలె, అది ఒక్కదాని వల్ల కాదు గనుక ఇంకో రెండు చేతులు కలవాలె. ఇవన్నీ టీవీ పెట్టెలో రావు.

మా ఇంట్లో చివరికి ఏమైందంటే, హాల్లో సోఫాకూ గోడకూ మధ్య కొలిస్తే దాదాపు ఎనిమిది ముప్పావు అడుగులొచ్చింది. 65 ఇంచులది తెచ్చుకున్నం, ఒక సౌండుబారు తెచ్చుకున్నం. తెర నడిమి భాగం కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా వచ్చేటట్టు కిందికి బిగించమన్న. బిగించే పిల్లవాడు షోకేసు పైన పెడదామన్నడు. మా అత్తమ్మను సోఫాలో కూర్చోబెట్టి, "ఆమె మెడ ఎత్తకుండా చూడాలె" అని గుర్తు పెట్టించిన. వెనక గది తెల్లగానే ఉంది. బిడ్డ పుస్తకాలు అక్కడే ఉన్నాయి, అత్తమ్మ మంచం కూడా.

మా ఆయన నాలుగు రోజులు ముభావంగా ఉన్నారు, అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఎవరింట్లోనైనా 85 ఇంచులది చూస్తే నా వైపు ఒక చూపు చూస్తారు. చూడనీ. శనివారం రాత్రి మాత్రం చపాతీలు ఆయనే కాలుస్తున్నారు, సినిమా ఎనిమిదిన్నరకు మొదలు కావాలని. మొన్న ఒక సినిమా పేర్లు పడ్డప్పటి నుంచి శుభం దాకా కూర్చుని చూసిన. ఎన్ని ఏండ్లయిందో లెక్కపెట్టుకుంటే కండ్లల్లో నీళ్లు తిరిగినయి.

మీ ఇంట్లో రేపో మాపో ఈ ముచ్చట వస్తుంది. వచ్చినప్పుడు "నాకేమెరుక" అనకండి. టేపు తీయండి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ఎక్కడి నుంచి లేవాల్సి వస్తుందో ముందు అది కొలవండి. ఇంచులు తరువాత.