ఆవకాయ సీసా ఎప్పుడు వ్యాపారమవుతుంది?

జర్మనీలోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య రెండు మెసేజ్‌లు తరచూ కనిపిస్తున్నాయి. "ఆవకాయ, అరిసెలు ఆర్డర్ మీద చేసిస్తాం" అన్నది ఒకటి. "అన్నా, దీనికి ట్యాక్స్ ఉంటుందా?" అన్నది రెండోది. దానికి వచ్చే జవాబు మాత్రం ఒకటే: "25,000 యూరోల దాకా ఏమీ అక్కర్లేదు." మా ఇంట్లో పచ్చళ్లు అమ్మడం మొదలైనప్పుడు నేనూ అదే నమ్మాను. అది సగం నిజం. చిక్కంతా మిగతా సగంతోనే.

ఆ 25,000 కేవలం వ్యాట్‌కు పెట్టిన హద్దు. 2025 జనవరి 1 నుంచి, గత ఏడాది అమ్మకాలు 25,000 యూరోలు, ఈ ఏడాది అమ్మకాలు 1,00,000 యూరోలు దాటకపోతే వ్యాట్ వసూలు చేయనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టిన ఏడాదికైతే 25,000 యూరోలే హద్దు. ఆదాయపు పన్నుకు దీనితో సంబంధం లేదు. జీతం తీసుకునేవారికి ఇతర ఆదాయం ఖర్చులు పోగా ఏడాదికి 410 యూరోలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే పచ్చళ్ల లాభం జీతం మీదికి చేరుతుంది.

ఇంతకీ వ్యాపారం అని ఎప్పుడంటారు? ఎంత వచ్చిందని కాదు, ఎలా వస్తోందని చూస్తారు. ఆదాయపు పన్ను చట్టం 15వ సెక్షన్ ప్రకారం గుర్తులు నాలుగు: సొంత బాధ్యత మీద చేయడం, మళ్లీ మళ్లీ చేసే ఉద్దేశం, లాభాపేక్ష, బయటివాళ్లకు అమ్మడం. పిల్లాడి పాత సైకిల్ అమ్మితే వ్యాపారం కాదు. అమ్మడానికే సైకిళ్లు కొంటుంటే వ్యాపారమే. ఖాళీ చేసే ఇళ్లలో పాత సామాను కొని, ఐదేళ్లలో ఈబేలో సుమారు 3,000 వేలాల్లో అమ్మిన ఒకరి వ్యాట్ కేసులో 2022 మేలో మ్యూనిక్‌లోని ఫెడరల్ పన్నుల కోర్టు కూడా అది నిరంతరంగా సాగిన వ్యాపార కార్యకలాపమేనని తేల్చింది.

కూచిపూడి, సంగీతం స్వయంగా నేర్పేవారు సాధారణంగా ఫ్రైబెరుఫ్లర్ కిందికి వస్తారు. వారికి గెవర్బే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కానీ, మొదలుపెట్టిన నెలలోపు ఎల్‌స్టర్ ద్వారా ఫినాన్జ్‌అమ్ట్‌కు తెలపాలి. పచ్చళ్లు, చీరలు అమ్మేవారు మొదట గెవర్బేఅమ్ట్‌కు వెళ్లాలి. తినే వస్తువులైతే ఆహార తనిఖీ విభాగంలోనూ నమోదు కావాలి.

"నాలుగు సీసాలే కదా, ఎవరికి తెలుస్తుంది?" అనేవారూ ఉన్నారు. 2023 నుంచి అమలైన చట్టం ప్రకారం, ఏడాదిలో 30 లేదా అంతకుమించి వస్తువులు అమ్మినా, 2,000 యూరోలకు మించి వచ్చినా ఆన్‌లైన్ వేదికలు ఆ అమ్మకందారు వివరాలను పన్నుల శాఖకు పంపుతాయి. వివరాలు వెళ్లినంత మాత్రాన పన్ను పడదు. కానీ రిటర్న్‌లో ఆ మాటే లేకపోతే ప్రశ్న రావచ్చు.

మన కుటుంబాలకు పన్ను కంటే పెద్ద విషయాలు మరో రెండున్నాయి. మొదటిది వీసా. ఫ్యామిలీ వీసా మీద వచ్చినవారి కార్డు మీద సాధారణంగా అన్ని రకాల పనికీ అనుమతి రాసి ఉంటుంది. విద్యార్థులు సొంత వ్యాపారం చేయాలంటే ఆస్లెండర్‌బెహోర్డె అనుమతి తీసుకోవాలి. బ్లూ కార్డువారు కార్డుతో ఇచ్చిన అదనపు కాగితం చదివి, అనుమానముంటే ముందే అడగాలి. రెండోది ఆరోగ్య బీమా. భర్త ప్రభుత్వ బీమాలో ఉచితంగా ఉన్న భార్య నెలసరి ఆదాయం మామూలుగా 2025లో 535, 2026లో 565 యూరోలు దాటకూడదు. క్రమంగా దాటితే సొంతంగా ప్రీమియం కట్టుకోవాలి. పచ్చళ్ల మీద మిగిలింది అందులోనే పోవచ్చు.

చివరికి మేం గెవర్బేఅమ్ట్‌కు వెళ్లి ఫారం నింపి వచ్చాం. పని చిన్నదే, దాన్ని వాయిదా వేసిన నెలల్లో పడ్డ భయమే పెద్దది. ఇప్పుడు మావిడికాయలు కొన్న బిల్లు నుంచి సీసాల ఖర్చు దాకా మా ఆవిడ ఒక నోటుపుస్తకంలో రాసిపెడుతోంది. మీ గ్రూపులో ఎవరైనా "25,000 దాకా ఏమీ లేదు" అంటే, "ఏ పన్నుకు?" అని ఒక్కమాట అడగండి.